క్రైస్తవ సంవత్సరం: దాని ఋతువులు, వాటి అర్థం



మన దేశంలో కొత్త సంవత్సరం ఒక్కసారి వచ్చి ఊరుకోదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణంతో ఒక ఏడాది మొదలవుతుంది. బళ్ళలో, బ్యాంకులలో గోడమీది కాలెండరు జనవరి 1న మారుతుంది. ప్రభుత్వపు జమాఖర్చులకు ఏప్రిల్ 1 తొలినాడు. మొహర్రం నెలవంకతో ముస్లిం సోదరుల హిజ్రీ సంవత్సరం ఆరంభమవుతుంది. ఇన్ని ఆరంభాల నడుమ మరొక ఆరంభం, ఎవరూ శుభాకాంక్షలు చెప్పుకోకుండానే, ఏటా నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంనాడు జరుగుతుంది. ఆ ఉదయం చర్చి బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరుస్తారు. ఆకులతో అల్లిన వలయంలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి, ఒక్కటి మాత్రమే వెలిగిస్తారు. క్రైస్తవుల ఆరాధనా సంవత్సరానికి అదే తొలి దినం.

ఈ సంవత్సరం గురించి క్రైస్తవేతరులకు సాధారణంగా తెలిసినవి రెండే దినాలు, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే. కేంద్ర ప్రభుత్వపు సెలవుల జాబితాలో ఉన్నవి అవే గనుక అందులో ఆశ్చర్యం లేదు. కాని రెండు దినాలతో సంవత్సరం కాదు. ఉగాది, దీపావళి మాత్రమే తెలిసినవారికి తెలుగు సంవత్సరం తెలిసిందనగలమా? ఆ రెండింటి నడుమ ఉన్న శ్రావణమాసపు నోములు, కార్తిక దీపాలు, ధనుర్మాసపు వేకువజాములు తెలిస్తేనే ఇక్కడి ఇల్లు ఏడాది పొడవునా ఎలా జీవిస్తున్నదో అర్థమవుతుంది. క్రైస్తవ సంవత్సరం సంగతీ అంతే.

మొదటి ఋతువు పేరు ఆగమన కాలం. నాలుగు ఆదివారాలు, వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలుతురు పెరుగుతూ పోతుంది. నేడు బజార్లలో డిసెంబరు మొదటినుంచే పండుగ సందడి కనబడుతుంది గాని, సంప్రదాయం ప్రకారం ఇది సంబరం కాదు, నిరీక్షణ. కేరళలోని సిరియన్ క్రైస్తవ కుటుంబాలలో డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ దాకా మాంసాహారం మాని ఇరవై అయిదు దినాల నోము పాటించే ఆచారం ఉన్నది. తెలుగునాట ఆ రోజులలో ఇంటిమీద కాగితపు నక్షత్రం కడతారు, యువజనులు రాత్రివేళ ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడతారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున హరిదాసు తిరిగే వీధిలోనే రాత్రి కేరల్స్ బృందం తిరుగుతుంది.

క్రిస్మస్‌ను హిందీలో బడా దిన్ అంటారు, బెంగాలీలో బొడోదిన్. ఉభయ పదాల అర్థమూ పెద్ద దినమే. సంవత్సరంలో అతి చిన్న పగటిపూటలలో ఒకదానికి పెద్ద దినమని పేరు పెట్టడం వింతగా కనిపించవచ్చు. గొప్ప దినం అన్న అర్థంలో ఆ పేరు వచ్చిందనేవారున్నారు. అక్కడినుంచి పగలు పెరుగుతుంది గనుక అనేవారూ ఉన్నారు. రెండవ వివరణలో కొంత బలం లేకపోలేదు. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని స్మరించే ఆచారం రోమునగరంలో నాలుగవ శతాబ్ది నాటికి స్థిరపడింది, చీకటి తగ్గనారంభించే కాలానికి దానిని ముడిపెట్టి వ్యాఖ్యానించడమూ ఆ రోజులనుంచే ఉన్నది. సుమారు ఆరు నెలలు వెనక్కి వెళితే జూన్ 24న స్నాపక యోహాను జన్మదినం వస్తుంది. గోవాలో ఆ దినాన యువకులు తలమీద పూల కిరీటాలు పెట్టుకొని, వర్షాలకు నిండిన బావులలోకి దూకుతారు. తల్లి గర్భంలో ఉన్న శిశువు సంతోషంతో గంతులు వేసిన కథకు అది గుర్తని చెబుతారు. ఒకరి జన్మదినం నుంచి పగలు తగ్గుతుంది, మరొకరి జన్మదినం నుంచి పగలు పెరుగుతుంది.

క్రిస్మస్ ఒక్కరోజుతో ముగియదు. పన్నెండు దినాల తరువాత జనవరి 6న వచ్చేది ప్రత్యక్షతా పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని అనుసరించి వచ్చి శిశువును దర్శించిన సందర్భాన్ని పాశ్చాత్య సంఘాలు ఆనాడు స్మరిస్తాయి. గోవాలో రేయిష్ మాగుష్, చాందోర్, కాన్సావ్లి ప్రాంతాలలో ముగ్గురు బాలురు రాజవేషాలతో ఊరేగి కొండమీది గుడికో, ఊరి చర్చికో చేరుతారు. కేరళ సిరియన్ క్రైస్తవులు దీనినే దెన్హా అంటారు. సిరియాక్ భాషలో ఆ మాటకు ఉదయం అని అర్థం. అక్కడ యొర్దాను నదిలో క్రీస్తు పొందిన బాప్తిస్మం ప్రధాన విషయం. ఇరింజాలకుడలో ఆ పండుగకు అరటి బోదెలు నాటి వాటినిండా దీపాలు వెలిగిస్తారు. తెలుగువారికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ కూడా ఉన్నది. నేటి తెలంగాణలోని డోర్నకల్ పట్టణపు పెద్ద చర్చి పేరే ఎపిఫనీ కెథెడ్రల్, అనగా ప్రత్యక్షతా దేవాలయం. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దానిని కట్టించి, 1939లో సరిగ్గా జనవరి 6న ప్రతిష్ఠ చేయించారు. ఆ కట్టడంలో మసీదు గుమ్మటాలను తలపించే గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు కనబడతాయి. తమిళనాడులో పుట్టి తెలుగుసీమను సేవాక్షేత్రంగా చేసుకొన్న ఆ బిషప్, పరదేశపు జ్ఞానులు వచ్చిన పండుగను తన గుడికి పేరుగా ఎంచుకోవడం ఆలోచించి చేసిన పనే అయి ఉంటుంది.

ఇంతవరకు చెప్పిన పండుగలు సూర్యుని లెక్కలో నడిచేవి, తేదీ మారనివి. ఇకమీద చంద్రుని లెక్క వస్తుంది. పంచాంగం చూడటం తెలిసిన మనవారికి క్రైస్తవ సంవత్సరంలో అతి సులువుగా అర్థమయ్యేది ఈ భాగమే.

ఈస్టర్ ఏ తేదీన వస్తుంది? మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే తొలి పున్నమిని లెక్కించి, ఆ పున్నమి దాటిన మొదటి ఆదివారం. అందువల్ల అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎక్కడైనా పడవచ్చు. ఈస్టర్‌ను సంఘమంతా ఒకే ఆదివారంనాడు జరుపుకోవాలన్న నిర్ణయం క్రీ.శ. 325లో నికేయా మహాసభలో జరిగింది. పై సూత్రం తరువాతి గణితజ్ఞుల కృషితో కుదురుకొన్నది. యూదుల పస్కా పండుగ పున్నమికి వస్తుంది, క్రీస్తు మరణం ఆ పండుగవేళ సంభవించింది, పునరుత్థానం ఆదివారంనాడు. అందుచేత పున్నమీ కావాలి, ఆదివారమూ కావాలి, వసంత విషువత్తూ కావాలి. మూడింటినీ కలపడానికి పందొమ్మిదేండ్ల చక్రాన్ని ఆధారం చేసుకొన్నారు. పందొమ్మిది సౌర సంవత్సరాలలో 235 చాంద్రమాసాలు ఇమిడిపోతాయి. మన పంచాంగకర్తలు పందొమ్మిదేండ్లలో సుమారు ఏడు అధికమాసాలు చేర్చడానికి మూలమైన లెక్క కూడా ఇదే. ఒక్క సంగతి గమనింపదగినది. రంజాన్ మాసాన్ని నెలవంకను కంటితో చూసి మొదలుపెడతారు. ఈస్టర్ పున్నమిని ఆకాశంలో చూడరు, పట్టికలో చూస్తారు. ఈ విషయంలో చర్చి మన సిద్ధాంతిగారి పక్షాన ఉన్నది.

ఈస్టర్‌కు ముందటి పున్నమి తరచుగా చైత్ర పూర్ణిమే అవుతుంది. 2023లో చైత్ర పూర్ణిమ ఏప్రిల్ 6న, ఈస్టర్ ఏప్రిల్ 9న వచ్చాయి. ఒక్కొక్కప్పుడు ఫాల్గుణ పూర్ణిమ కావచ్చు. 2024లో మార్చి 25న హోలీ ఆడుకొన్న వారంలోనే గుడ్ ఫ్రైడే వచ్చింది, 31న ఈస్టర్. హోలీ రంగులు కడుక్కొన్న వీధిలో నాలుగు రోజులకే దుఃఖదినపు నిశ్శబ్దం.

కాలగణనలో చిన్న దోషం శతాబ్దాల మీద పెద్దదవుతుంది. పదహారవ శతాబ్ది నాటికి విషువత్తు మార్చి 11 దగ్గరకు జరిగిపోయింది. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ పది తేదీలను తీసివేయించాడు. ఆ ఏడు అక్టోబరు 4 గురువారం, మరునాడు అక్టోబరు 15 శుక్రవారం. తూర్పు ఆర్థొడాక్సు సంఘాలు చాలావరకు ఈస్టర్‌కు పాత లెక్కనే అనుసరిస్తున్నందున 2024లో వారి ఈస్టర్ మే 5న వచ్చింది. 2025లో, అనగా నికేయా సభకు 1700 సంవత్సరాలు నిండిన ఏట, రెండు లెక్కలూ ఏప్రిల్ 20 దగ్గర కలుసుకొన్నాయి. కేరళలోని ప్రధాన సిరియన్ సంఘాలు మాత్రం, ఆర్థొడాక్సు సంఘంతో సహా, దేశంలోని తక్కిన క్రైస్తవులతోబాటు ఒకేనాడు ఈస్టర్ జరుపుకొంటాయి.

మన దేశంలోనూ ఇటువంటి సంస్కరణ ప్రయత్నం జరిగింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం, మన సంక్రాంతుల లెక్క వాస్తవ ఖగోళ స్థితికి సుమారు ఇరవై మూడు దినాలు వెనుకబడిందని గుర్తించింది. మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమంటాం గాని, సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 22 ప్రాంతంలోనే గదా! ఆ సంఘం సిఫారసుపై 1957 మార్చి 22న జాతీయ శక పంచాంగం అమలులోకి వచ్చింది. విషువత్తు మరునాడు చైత్రం 1. నికేయా తరువాతి గణితజ్ఞులు, సాహా బృందమూ ఆధారంగా తీసుకొన్నది ఆకాశంలోని ఒకే బిందువు. అయితే జాతీయ పంచాంగం ప్రభుత్వ గెజెట్టు దాకా వచ్చి నిలిచిపోయింది, గుడి పంచాంగం మారలేదు. రోమన్ సంస్కరణ కూడా బ్రిటనుకు చేరడానికి 170 ఏండ్లు పట్టి 1752లో అమలయింది గనుక నిరాశ అక్కరలేదేమో.

ఈస్టర్‌కు ముందు నలభై దినాల ఉపవాస కాలం. భాషలవారీగా దీని పేర్లు పోల్చి చూడటం ఆసక్తికరం. హిందీలో కథోలికులు చాలీసా కాల్ అంటారు. హనుమాన్ చాలీసాలో ఉన్న చాలీసాయే ఇది, అక్కడ నలభై చౌపాయిలు, ఇక్కడ నలభై దినాలు. తెలుగు కథోలికులు తపఃకాలం అంటారు, తమిళంలో తవక్కాలం. తెలుగు ప్రొటెస్టంట్లలో శ్రమల దినాలన్న మాట వాడుకలో ఉన్నది. హిందీ పేరు కాలాన్ని లెక్కపెడుతుంది, తపస్సన్న పేరు మనిషి చేయవలసిన పనిని చెబుతుంది, శ్రమలన్న పేరు క్రీస్తు అనుభవించినదానిని చెబుతుంది. మూడూ కలిస్తేగాని ఋతువు పూర్తిగా అర్థం కాదు.

పాశ్చాత్య సంప్రదాయంలో ఇది బుధవారంనాడు మొదలవుతుంది. నిరుటి మట్టల ఆదివారంనాటి ఆకులను దాచి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. మనిషి మట్టివాడేనని చెప్పడానికి ఇంతకన్న సూటియైన మార్గం లేదు. విభూతి ధరించే దేశంలో దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు కూడా. సిరియన్ సంప్రదాయంలో సోమవారంనాడే ప్రారంభమై ఏబది దినాల నోముగా సాగుతుంది. దానికి ముందే నీనెవె నోము అనే మూడు దినాల ఉపవాసం ఒకటున్నది. ఆ సందర్భంగా కురవిలంగాడు గ్రామంలో యోనా ప్రవక్త కథకు గుర్తుగా కొయ్య ఓడను భుజాలపై ఎత్తుకొని, అలలమీద ఊగినట్లు ఊపుతూ ఊరేగిస్తారు. 2025లో మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న, క్రైస్తవుల ఉపవాసాలు 5న మొదలైనాయి. ఒకే బడిలో, ఒకే బెంచీమీద ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం డబ్బా తెరవకపోతే, ఇద్దరికీ కారణాలు వేరైనా ఆకలి ఒక్కటే.

నలభై దినాలు ముగింపుకు వచ్చేసరికి పరిశుద్ధ వారం. మట్టల ఆదివారంనాడు కొబ్బరి, ఈత మట్టలు పట్టుకొని ఊరేగింపు. హిందీలో దానిని ఖజూర్ ఇత్వార్, అనగా ఖర్జూరపు ఆదివారం అంటారు. ఊళ్ళో ఏ చెట్టుంటే పండుగ ఆ చెట్టుదవుతుంది. గురువారం రాత్రి కేరళ సిరియన్ ఇండ్లలో పులియని పిండితో చేసిన పెసహా అప్పాన్ని ఇంటి పెద్ద విరిచి, బెల్లం, కొబ్బరిపాలు కలిపిన పానకంతో వయస్సు వరుసలో అందరికీ ఇస్తాడు. ఆ ఏడు ఇంట మరణం సంభవిస్తే ఆ ఇంట అప్పం చేయరు, ఇరుగుపొరుగువారు తెచ్చిపెడతారు.

మరునాడు శుక్రవారం. ఆ దినం పేరులో ఒక చిక్కున్నది. తెలుగులో మంచి శుక్రవారం, శుభ శుక్రవారం అని ఆంగ్లాన్ని మాటకు మాటగా దించుకొన్నాం. ఆంగ్లంలోని ఆ విశేషణానికి పూర్వం పవిత్రమైన అన్న అర్థం ఉండేది. మలయాళీలు దుఃఖ వెళ్ళి అంటారు, తమిళులు పునిత వెళ్ళి, పెరియ వెళ్ళి అని, హిందీలో పుణ్య శుక్రవార్. వీటిలో ఏదీ తప్పుదారి పట్టించదు. మన శుభ శబ్దం మాత్రం పట్టిస్తుంది. ఏటా ఆ ఉదయం సదుద్దేశంతోనే పొరుగింటి క్రైస్తవునికి శుభాకాంక్షలు చెప్పేవారు కొందరుంటారు. అది మరణ స్మరణ దినం. మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించే దినం. ఆ పూట ఎదుటివారు ఇబ్బందిగా నవ్వి ఊరుకొంటారు. మంచి అనువాదకుడు ఒకడు ఆనాడే ఉండి ఉంటే ఆ ఇబ్బంది తప్పేది. పుణ్య శుక్రవారం అన్నా సరిపోయేది.

ఈస్టర్ వేకువజామున తెలుగునాట అనేక ఊళ్ళలో క్రైస్తవులు పూలు, కొవ్వొత్తులు తీసుకొని సమాధుల తోటకు వెళతారు. సున్నం వేసిన సమాధులపై దీపాలు వెలిగించి, సూర్యోదయాన పాటలు పాడతారు. చనిపోయినవారి నడుమ నిలబడి మృత్యువు తుదిమాట కాదని చెప్పడం ఆ పండుగ సారం. క్రిస్మస్‌కు దుకాణాలు అలంకరిస్తాయి గాని, వేదాంతరీత్యా పెద్ద పండుగ ఇదే.

2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఉదయాన, శ్రీలంకలో కొలంబోలోని కొచ్చికడె సెయింట్ ఆంథొనీ చర్చిలోను, నెగొంబో సమీపాన కటువాపిటియ సెయింట్ సెబాస్టియన్ చర్చిలోను, బట్టికలోవాలోని జయోను చర్చిలోను, కొన్ని హోటళ్ళలోను ఆత్మాహుతి దాడులు జరిగాయి. 250 మందికి పైగా మరణించారు. వారిలో పసిపిల్లలు ఎందరో. ఆ ఉదయాన్నే ఎందుకు ఎంచుకొన్నారు? ఏ పూట చర్చి నిండుగా ఉంటుందో పంచాంగం చెబుతుంది గనుక. పొరుగువాని పండుగ తేదీ హంతకునికీ తెలుసు. తెలియనిది దాని అర్థం. కొచ్చికడె గుడికి కథోలికులే కాక బౌద్ధులు, హిందువులు, ముస్లిములు కూడ మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. దాడుల తరువాత ఆదివారం అక్కడి చర్చిలలో పూజలు జరగలేదు, కార్డినల్ తన నివాసపు ప్రార్థనామందిరంలో చేసిన పూజను జనం టెలివిజన్‌లో చూశారు. సైనికులు మరమ్మతు చేసిన కొచ్చికడె చర్చి జూన్ 12న తిరిగి తెరచుకొన్నది. మరునాడు జూన్ 13 పునీత అంతోనివారి పండుగ. పంచాంగంలోని ఆ తేదీ కోసమే పనులు త్వరపెట్టారు.

ఈస్టర్ కాలం ఏబది దినాలు. నలభయ్యవ దినం ఆరోహణ పండుగ, ఏబదవనాడు పెంతెకొస్తు, ఎర్రని వస్త్రాలు. మెదక్ పట్టణంలో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మహా దేవాలయాన్ని చూసినవారికి క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు రంగుటద్దాల గవాక్షాలు గుర్తుండే ఉంటాయి. వెలుతురు పడితేనే ఆ బొమ్మలు కనబడతాయి. ఇంతవరకు చెప్పుకొన్న అర్ధసంవత్సరమంతా ఆ మూడు కిటికీలలో ఉన్నది.

మిగిలిన అర్ధసంవత్సరానికి కథోలికులు పెట్టిన పేరు సామాన్య కాలం. పెద్ద పండుగలు లేని నెలలు, రంగు ఆకుపచ్చ. ఐరోపాలో నిర్ణయించిన ఈ రంగు మన దేశంలో ఎంత అమరిందో చూడండి. జూన్ నుంచి నవంబరు దాకా బయట నారుమళ్ళు, వరిచేలు, లోపల బలిపీఠంపై అదే పచ్చదనం. అన్నీ ఇలా అమరవు. సిరియన్ సంవత్సరంలో కైతా అనే ఋతువున్నది, దాని అర్థం వేసవి. మెసపొటేమియాలో పుట్టిన లెక్క ప్రకారం జూలై, ఆగస్టులలో వస్తుంది. కేరళలో అప్పుడు కర్కాటక మాసపు కుండపోత వానలు! అయినా ఆ పేరు మార్చలేదు. ఫలాలు పండే కాలమని వ్యాఖ్యానం చెప్పుకొంటారు.

పంట ఈ ఋతువులోకి దానంతటదే నడచి వచ్చింది. గోవాలోని రాయ గ్రామంలో ఆగస్టు 5న తొలి వరికంకులను కోసి చర్చిలో ఆశీర్వదింపజేస్తారు. మంగళూరు కథోలికులు సెప్టెంబరు 8న మరియమాత జన్మదినాన పిల్లలచేత పూలు చల్లించి, కొత్త గింజలను ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. అదే దినం వేళాంగణ్ణిలో లక్షల జనం. తెలుగు సంఘాలలో కోత పండుగనాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు గుడికి తెచ్చి, ఆరాధన కాగానే వేలం వేస్తారు. సొరకాయ ఒకటి బజారు ధరకు పదింతలు పలకడం అక్కడ సామాన్యం. మన్యంలో కొత్తల పండుగ జరిపే గిరిజనులకు ఇదంతా పరిచితమే.

భారతీయ క్రైస్తవులందరూ ఈ సంవత్సరాన్ని పాటించరన్నది కూడ చెప్పవలసి ఉన్నది. 1842లో గుంటూరు చేరిన హేయర్ నాటినుంచి లూథరన్లు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంవారు, కథోలికులు, సిరియన్లు పాటిస్తారు. బాప్తిస్టులలో, బ్రదరెన్ సంఘాలలో, అనేక పెంతెకొస్తు సంఘాలలో ఊదారంగు వస్త్రం గాని బూడిద బుధవారం గాని కనబడవు. గ్రంథంలో ఆజ్ఞాపింపబడని దినాలను ఆచరించనక్కరలేదని, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమేనని వారి వాదం. అది ఉపేక్ష కాదు, నిష్ఠతో కూడిన అభిప్రాయమే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో బాప్తిస్టు ఇల్లు, కథోలికుల ఇల్లు పక్కపక్కన ఉంటే ఒక ఇంట ఉపవాసం, ఒక ఇంట మామూలు భోజనం. ఇరువురూ క్రైస్తవులే.

ఆకుపచ్చ ఋతువు చివరి ఆదివారాన్ని క్రీస్తురాజు పండుగ అంటారు. సంవత్సరంలోని పండుగలలో ఇది కొత్తది, 1925లో పోపు పదకొండవ పయస్ ప్రవేశపెట్టాడు. అప్పటికి మన పొలాలలో సార్వా కోతలు సాగుతుంటాయి. ఆ వారం గడిచి శనివారం సాయంత్రం చర్చి ఊడ్చే మనిషి బీరువా తెరచి, మడతపెట్టిన ఊదారంగు వస్త్రాన్ని బయటికి తీసి దులుపుతాడు, నాలుగు కొవ్వొత్తులు లెక్కచూసుకొంటాడు.